మన రంగు ఒక్క హరానేనా?

మా భాయిజాన్ బిడ్డకి నిస్బత్ ఖాయమైంది. రుఖా కొట్టించాలని ముగ్గురం ఖమ్మంలో ఒక డీటీపీ షాపుకి వెళ్లాం. నేను, భాయిజాన్, పెళ్లికూతురు. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు దుల్హా దుల్హన్ పేర్లు అడిగాడు. చెప్పీ చెప్పకముందే, ఇంకో సవాల్ లేకుండా ఒక ఫోల్డర్ తెరిచాడు. తెరంతా చిలకాకుపచ్చ. మధ్యలో బంగారు రంగు చాంద్-తారా. రెండు పక్కలా రెండు మీనార్లు. "మీవాళ్లవి అన్నీ ఇవే సార్, పేర్లు మారిస్తే అయిపోద్ది" అన్నాడు. పాపం, ఆ మాటలో బద్‌నియ్యత్ ఏమీ లేదు. పని తొందరగా తెమలాలని చూశాడు, అంతే.

వెనక నిలబడ్డ బిటియా నా చొక్కా లాగి "యే నక్కో చిచ్చా" అంది మెల్లగా. భాయిజాన్‌కి వినపడింది. "ఎందుకు నక్కో? హరా మన రంగు కాదా?" అన్నాడు.

ఆ సవాల్ నన్ను చాలా రోజులు వదల్లేదు. మన రంగు ఏది? దాన్ని ఎవరు ఖరారు చేశారు? ఒక రుఖాకి, ఒక దుకాణం బోర్డుకి, వాట్సాప్‌లో పంపే ఈద్ ముబారక్‌కి రంగులు ఎట్లా ఎంచుకోవాలి? ఇవన్నీ చిన్న విషయాలని నేనూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవట్లేదు. ఎందుకో చెప్తాను.

ముందే ఒక మాట. హరా మీద నాకు ఏ షికాయత్ లేదు. మదీనాలోని గుంబదే ఖజ్రా తస్వీర్ చూస్తే ఎవరి దిల్‌కైనా సుకూన్ దొరుకుతుంది. కానీ ఆ గుంబద్ తారీఖే చూడండి. దాన్ని కట్టింది 1279లో. దానికి ఆకుపచ్చ రంగు వేసింది 1837లో, ఉస్మానీ సుల్తానుల కాలంలో. అంటే ఐదున్నర శతాబ్దాలు అది ఈ రంగులో లేదు. కాబా మీద కప్పే కిస్వా ఇప్పుడు నలుపు. చరిత్రలో తెల్ల కిస్వా ఉంది, ఎర్రది ఉంది, పచ్చదీ ఉంది. అంత దూరం ఎందుకు, మన పల్లెల్లో పీర్లకు కట్టే దట్టీలు చూడండి. పచ్చ పక్కనే ఎరుపు, దాని పక్కన ఇంకో రంగు. వాటిని మొక్కుకుని తెచ్చి కట్టేవాళ్లలో హిందువుల ఇళ్లవాళ్లు చాలామంది. ఒకే రంగు మనది అన్న ఖయాల్ మన పెద్దల్లో ఎక్కడా లేదు.

మరి ఈ ఖయాల్ ఎక్కడ నుంచి వచ్చింది? కొంత మన నుంచే. కొంత నా పేషా నుంచి. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో ఉన్నాను. ముస్లింల గురించి ఏ వార్త పేజీలోకి వచ్చినా, అది చదువు గురించైనా, రేషన్ కార్డు గురించైనా, ఉద్యోగాల గురించైనా, పేజీ పెట్టేవాళ్ల చెయ్యి ముందు ఆకుపచ్చ మీదికే పోయేది. వెనక్కి తిరిగి నమాజ్ చేస్తున్న నాలుగు టోపీలు, కింద ఒక పచ్చ పట్టీ. నేను ఎన్ని రాత్రులు డెస్కులో కూర్చుని దాన్ని చూసి కూడా నోరు విప్పలేదో లెక్క లేదు. ఒక మనిషి ముఖం చూడకుండా రంగు మాత్రమే చూడటం అలవాటు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ అలవాటు నన్నే ఒకసారి దెబ్బ తీసింది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. ఆ పైన ఇంకో పద్దెనిమిది అడుగుల నీళ్లంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇళ్లు మునిగి రోడ్డెక్కినవాళ్లకు ఖానా వండి పంపుదామని మేం కొందరు దోస్తులం కలిశాం. కావాల్సినవాళ్లు ఫోన్ చెయ్యడానికి వాట్సాప్‌లో తిప్పే ఒక పోస్టర్ అర్జెంటుగా తయారు చేయించింది నేనే. ఏం రంగు వెయ్యమంటారు అంటే ఆలోచించకుండా "మొత్తం గ్రీన్ వేసి, అక్షరాలు గోల్డ్ పెట్టు" అన్నాను. నా ఫోన్లో, గదిలో, రాత్రి పూట చూస్తే బ్రహ్మాండంగా ఉంది. పంపేశాం.

రెండో రోజు ఒక పెద్దాయన ఎవరినో పట్టుకుని వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడు. "ఫోన్లోకి కాగితం వచ్చింది గాని నెంబరు కానరాలే నాయనా" అన్నాడు. ఆయన ఫోన్ తీసుకుని చూశాను. గీతలు పడ్డ స్క్రీన్, మబ్బుల మధ్య నుంచి వస్తున్న ఎండ. చిలకాకుపచ్చలో బంగారు అంకెలు కరిగిపోయి ఉన్నాయి. నాక్కూడా కానరాలేదు. ఒక పూట ఆ ఇంట్లో ఖానా లేకుండా గడిచింది, నేను ఎంచిన రంగు వల్ల. అది ఎవరి ఖసూర్ అని అడిగితే నా వేలు నా వైపే తిప్పుకోవాలి.

బిటియా డిజైన్ పని నేర్చుకుంది. ఖమ్మంలో ఇంట్లోనే కూర్చుని దుకాణాలకు, హాస్టళ్లకు, హోటళ్లకు పోస్టులు, లోగోలు చేసి పెడుతుంది. ఈ మధ్య ఆ పాత పోస్టర్ తీసి ఆమె ముందు పెట్టాను. "దీన్ని నాప్ కర్ చూస్తాను చిచ్చా" అని ఏదో సైట్లో రెండు రంగులూ వేసింది. "1.6" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు సమ్‌ఝాయించింది.

ఇంటర్నెట్‌కి ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ అనే ప్రపంచ సంస్థ ఒకటి ఉంది. అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య వెలుతురు తేడా ఎంత ఉండాలో అది లెక్క కట్టి చెప్పింది. తెల్ల మీద నలుపైతే 21కి 1. అదే అన్నిటికన్నా ఎక్కువ. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3కి 1 చాలు. నా పోస్టర్‌ది 1.6. తెల్ల కాగితం మీద బంగారు రంగు పెట్టినా 1.4 మాత్రమే. ముదురు ఆకుపచ్చ మీద ముదురు ఎరుపు పెడితే అంతకన్నా ఘోరం. పైగా ఎరుపుకీ పచ్చకీ ఫర్క్ తెలియని కళ్లు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి, మగవాళ్లలో మరీ ఎక్కువ. వయసు మీదపడ్డ కొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలం, ఊదా రంగులు మసకబారతాయి. మన ఇళ్లల్లో అమ్మీలు, నానీలు ఫోన్ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి అవస్థ పడేది ఎప్పుడూ చూపు లోపం వల్లే కాదు. చాలాసార్లు అది డిజైన్ లోపం.

దీనికి ఆమె చెప్పిన తర్కీబ్ చాలా ఆసాన్. ఏ కార్డు చేసినా, పంపే ముందు దాన్ని ఒకసారి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడాలి. ఫోన్లో ఫోటో ఎడిట్ చేసే చోటే ఆ సదుపాయం ఉంటుంది. రంగు తీసేశాక కూడా చదవగలిగితే ఆ కార్డు పాసైనట్టు. బూడిద మీద బూడిద కనిపిస్తే ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉన్నా ఫెయిల్. మన రుఖాలకి ఇది ఇంకా జరూరీ. ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు ఉంటాయి. నస్తాలీఖ్‌లో సన్నటి గీతలు, తెలుగులో చిన్న వత్తులు. తేడా తక్కువైతే ముందు మాయమయ్యేవి అవే. ఒక నుక్తా పోతే లఫ్జే మారిపోతుంది కదా.

సరే, చదవగలిగితే చాలా? రంగులు ఒకదానితో ఒకటి మేలుగా కూడాలి కూడా. డిజైన్ వాళ్ల భాషలో దాన్ని ప్యాలెట్ అంటారు. ఒక పనికి ముందే ఖరారు చేసుకున్న నాలుగైదు రంగుల జట్టు. కంప్యూటర్ తెర మీద ఎరుపు, పచ్చ, నీలం వెలుగులు ఒక్కోటి 0 నుంచి 255 దాకా కలుస్తాయి. అట్లా 1,67,77,216 రంగులు వస్తాయి. ఇన్ని ముందు పెట్టి ఎంచుకోమంటే ఎవరి చెయ్యైనా భయపడి తెలిసిన పచ్చ దగ్గరికే పోతుంది. అందుకే ఎంపికకి ఒక దారి కావాలి.

ఆ దారి నాకు బచ్‌పన్‌లోనే దొరికింది. అప్పుడు తెలియలేదు. నేను చదివింది ఉర్దూ మీడియం. రంగుల పేర్లు ముందు ఉర్దూలోనే వచ్చాయి. ప్యాజీ, బాదామీ, జాఫ్రానీ, ఫిరోజీ, సుర్మయీ, ధానీ, జామునీ, కత్తయీ, ఉన్నాబీ, సందలీ. ఒక్కటి కూడా గాలిలోంచి రాలేదు. ఉల్లిగడ్డ, బాదం, ఫిరోజా రాయి, కళ్లకు పెట్టే సుర్మా, వరి మడి, నేరేడు పండు, పాన్‌లోని కత్తా. ప్రతి పేరు వెనక చేత్తో పట్టుకోగల ఒక వస్తువు ఉంది. తర్వాత తెలుగు డిగ్రీలో చేరాక చూస్తే ఇక్కడా అదే హాల్. వంగపండు రంగు, నెమలికంఠం రంగు, చిలకాకుపచ్చ, ఇటుక రంగు, గంధం రంగు. అమ్మీకి ఒక చీర ఉండేది. అమ్మీ దాన్ని ప్యాజీ అనేది, పక్కింటి అత్తమ్మ ఉల్లిపొర రంగు అనేది. ఇద్దరూ ఒకే చీర గురించి మాట్లాడుతున్నారని నాకు డిగ్రీకొచ్చాక గానీ వెలగలేదు.

ఈ పేర్లు మన గల్లీలోనే ఆగిపోలేదు. ఖాక్ అంటే దుమ్ము, దాని నుంచి వచ్చిన ఖాకీని ఇంగ్లీషువాడు కూడా ఖాకీ అనే అంటాడు. అజూర్ అనే నీలం పేరు లాజవర్ద్ నుంచి, క్రిమ్సన్ అనే ఎరుపు పేరు ఖిర్మిజ్ నుంచి పుట్టాయి. ఇంత ఖజానా ఉన్న జుబాన్ మనది. దాన్ని పక్కన పెట్టి ఒక్క 'గ్రీన్' మీద బతుకుతున్నాం.

చార్మినార్ చుట్టుపక్కల దుపట్టాలకు రంగులేసే ఉస్తాదుల్ని మీరు చూసే ఉంటారు. కమీజ్ గుడ్డముక్క ఒకటి ఇస్తే, దానికి సరిపోయే రంగు కళ్లతోనే పట్టేస్తారు. ముందు ఏ రంగు పొడి వెయ్యాలో చూస్తారు. తర్వాత అది ఎంత చిక్కగా ఉండాలో. తర్వాత దాన్ని ఎంత తేటపరచాలో. బిటియా కంప్యూటర్లో కూడా సరిగ్గా ఆ మూడే మీటలు ఉన్నాయి. రంగు, దాని చిక్కదనం, దాని వెలుతురు. నేర్చుకునేవాళ్లు మొదటి మీటతోనే ఆడుతుంటారు. పనితనమంతా మిగతా రెండింటిలో ఉంది. చిక్కదనం తగ్గిస్తే కొట్లాడుకునే రెండు రంగులు కూడా ఒక చాప మీద కూర్చుంటాయి.

ఇంకో రాజ్ ఉంది. రంగు ఒంటరిగా ఉండదు. పక్కన ఏముందో దాన్నిబట్టి మారిపోతుంది. పారిస్‌లో గోబెలిన్స్ అనే తివాచీల కార్ఖానాలో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త రంగుల విభాగం చూసేవాడు. అక్కడి నలుపు నూలు వెలిసినట్టుందని షికాయతులు వచ్చాయి. పరీక్షిస్తే నూలులో ఏ లోపం లేదు. పక్కన నీలం, ఊదా నూలు ఉండటం వల్ల నలుపు అట్లా కనిపిస్తోంది. దాని మీద ఆయన 1839లో పెద్ద కితాబ్ రాశాడు. ఇబ్నుల్ హైసమ్ పదకొండో శతాబ్దంలోనే తన కితాబుల్ మనాజిర్‌లో, ఒకే రంగు చుక్క తెల్లటి దాని మీద ముదురుగానూ నల్లటి దాని మీద తేటగానూ కనిపిస్తుందని గమనించాడు. ఈ మాట చెప్పేది 'అన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారు' అని మీసం మెలెయ్యడానికి కాదు. కనిపెట్టినవాళ్ల వారసులం ఇవాళ చిలకాకుపచ్చ మీద గోల్డ్ కొడుతున్నామే అని.

నలుగురిలో ఒకరు గట్టిగా మాట్లాడితే మిగతావాళ్లు వినాలి. నలుగురూ అరిస్తే అది పంచాయితీ. రంగులూ అంతే. డిజైన్ వాళ్లకి 60-30-10 అని ఒక ఉసూల్ ఉంది. ఒక రంగు పరుచుకోవాలి, ఒకటి తోడుండాలి, ఒకటి కొంచెమే ఉండాలి. ఆ పదో వంతు రంగు మీదికే అందరి కళ్లూ ముందు పోతాయి. దాన్ని తక్కువ అని తీసేస్తే తస్వీర్ చచ్చిపోతుంది. నలభై దాకా పెంచితే మిగతావి చచ్చిపోతాయి. ఈ మాట రంగుల గురించే చెప్తున్నాను. మీకు ఇంకేదైనా గుర్తొస్తే అది మీ ఇష్టం.

ఈ ఇల్మ్ మన దగ్గర ఎన్నడో ఉంది. హైదరాబాద్‌లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన బాద్షాహీ ఆషూర్‌ఖానాకి ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లండి. గోడల మీద మెరుగుపెట్టిన పెంకులతో చేసిన నక్షీ పని ఉంటుంది. నీలం, ఫిరోజీ, ఆవపువ్వు పసుపు, ఆకుపచ్చ, తెలుపు. పచ్చ ఉంది, కానీ ఒంటరిగా లేదు. 1908 మూసీ వరదలో కింది భాగం పెంకులు పాడైతే అక్కడ రంగుతో బొమ్మలు వేసి పూడ్చారు. పైనున్న అసలు పనికీ కింది అతుకుకీ ఫర్క్ ఏమిటో పక్కపక్కనే కనిపిస్తుంది. చీరాల, పుట్టపాక నేతగాళ్ల తేలియా రుమాల్ చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఆ మూడు రంగులతోనే అరబ్బు దేశాలవాళ్ల తలల మీదికి ఎక్కింది. మచిలీపట్నం కలంకారీలో నలుపు బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి వస్తుంది, నీలం నీలిమందు నుంచి వస్తుంది. రంగు గుడ్డకి పట్టుకోవడానికి కరక్కాయ కావాలి. ఆ కరక్కాయ మన భద్రాచలం అడవిలో ఏరేదే. రంగులు తక్కువ, వాటి మధ్య దోస్తీ ఎక్కువ. ప్యాలెట్ అంటే అదే.

ఇక రుఖా సంగతి. "ఏ సైట్లోంచో రెడీమేడ్ ప్యాలెట్ తేవద్దు బేటీ. మన ఊళ్లోంచి తీద్దాం" అన్నాను. దుల్హావాళ్లది భద్రాచలం. ఇక్కడ నుంచి అక్కడికి ఎటూ పోవాల్సిన పని ఉంది. ఆమె ఫోన్‌తో, నేను నా తెలుగు-ఉర్దూ డిక్షనరీ బుర్రతో బస్సెక్కాం. వైరా, తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ. వేసవి మొదలవుతోంది.

ఖమ్మం మార్కెట్‌లో తేజ మిర్చి రాశులు చూసి ఆమె మొదటి ఫోటో తీసింది. తర్వాత తనే తీసేసింది. "బహుత్ చిల్లాతా, పెళ్లి కార్డుకి వద్దు" అంది. కొత్తగూడెం దాటాక మోదుగు చెట్లు. ఆకు ఒక్కటి లేకుండా ఒళ్లంతా నిప్పు. ఉర్దూలో దాన్ని టేసూ అంటారు. హోలీకి ఆ పూలు ఉడికించి రంగు తీస్తారు. పాల్వంచ థర్మల్ స్టేషన్ పొగ గొట్టాల పక్క ఆకాశం, బూడిద కలిసిన నీలం. "సుర్మయీ" అన్నాను నేను. కిన్నెరసాని నీళ్లు ముదురు ఫిరోజీ. అడవి పల్లెలో కోయ తల్లులు వేకువనే ఏరుకొచ్చి చాప మీద పోసిన ఇప్పపూలు, మీగడ రంగు. తునికాకు కోత ఇంకా మొదలవ్వలేదు గానీ చెట్ల మీద ఆకు ఉంది. కల్లంలో ఆరేసిన తునికాకు రంగు మా ఇద్దరికీ ముందే తెలుసు, నూరిన మెహందీ రంగు.

ఇంటికొచ్చాక ఫోటోల్లోంచి ఐదు రంగులు తీసింది. ఫోటో ఎడిట్ చేసే ప్రోగ్రాముల్లో ఇంకు చుక్క వేసే పిల్లర్ లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని ఫోటోలో ఒక చోట ఆనిస్తే అక్కడి రంగు అంకెలు చెప్తుంది. వాటిని కొంచెం దిద్దింది. ఎవరికైనా కావాలంటే వాడుకోండి, ఇవి ఎవరి సొత్తూ కాదు. ఎరుపు, పచ్చ, నీలం వరసలో ఇస్తున్నాను.

ఇప్పపువ్వు మీగడ రంగు: 245, 236, 215. ఇది కార్డంతా పరుచుకున్న రంగు.

సుర్మయీ: 47, 54, 64. ఇది అక్షరాలకి. మీగడ రంగు మీద దీని తేడా 10కి 1 దాటింది.

తునికాకు మెహందీ: 92, 104, 52. ఆకులకి, అంచుకి.

కిన్నెరసాని ఫిరోజీ: 30, 105, 105. ఉపశీర్షికలకి. ఈ రెండూ 5 దాటాయి, కాబట్టి చిన్న అక్షరాలకీ పనికొస్తాయి.

మోదుగు: 226, 95, 34. ఇది 3 అంచు మీద ఉంది. అందుకని దీనితో ఏమీ రాయలేదు. ఒక చిన్న పువ్వు వేసి వదిలేసింది.

ఇవి ఎందుకు కలిశాయో ఆమె చెప్పింది. ఒకే ఎండ కింద, ఒకే దుమ్ములో ఉన్న వస్తువుల రంగులు ముందే ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. అడవిలో గొంతెత్తే రంగు కొంచెమే ఉంటుంది, మిగతాదంతా దబ్బీ ఆవాజ్‌లో ఉంటుంది. ఖుద్రత్ వేసిన 60-30-10.

ఒక జాగ్రత్త మర్చిపోకండి. తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది, కాగితం మీద ఇంకుతో. వెలుగులు కలిసే కొద్దీ తెల్లనవుతుంది, ఇంకులు కలిసే కొద్దీ నల్లనవుతుంది. ఫోన్లో మెరిసే పచ్చ, నీలం ప్రింటులో ఉతికిన గుడ్డలా వస్తాయి. భద్రాచలం బ్రిడ్జి ఇవతల సారపాకలో అంత పెద్ద పేపర్ మిల్లు పెట్టుకుని కూడా మనం కాగితం మిజాజ్ పట్టించుకోం. ఐదొందల కార్డులకు ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క కార్డు కొట్టించి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, పొద్దుటి ఎండలో ఒకసారి చూడండి. మాకు మోదుగు పువ్వు మొదటి ప్రింటులో ఇటుకలా వచ్చింది. దిద్దుకోవాల్సి వచ్చింది.

మోదుగు రంగు దగ్గరే ఇంట్లో లొల్లి మొదలైంది. ఒక రిష్తేదార్ ఫోన్లో చూసి "ఇదేంది, వాళ్ల రంగు పెట్టారు?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మన టౌన్లలో సందుకో జెండా వచ్చాక రంగులకి కూడా సరిహద్దులు పడ్డాయి. ఈ స్తంభం దాకా వాళ్లది, ఆ స్తంభం నుంచి మనది. ఆయనకి ఒకటే చెప్పాను. "జాఫ్రాన్ పేరు మన జుబాన్‌లోనే ఉంది భాయ్. వలీమాలో జాఫ్రాన్ లేని బిర్యానీ పెడితే తింటావా?" భద్రాచలం కల్యాణంలో తలంబ్రాలు మామూలు పసుపు రంగులో ఉండవు, గులాల్ కలిపి ఎర్రగా చేస్తారు. తానాషా కాలం నుంచి వచ్చిన రివాజ్ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రామయ్య పెళ్లికి గులాల్ పోతుంది, ముత్యాలు పోతాయి. మన బిడ్డ పెళ్లి కార్డు మీదికి మన అడవి మోదుగు పువ్వు రాకూడదా? ఒక రంగుని 'వాళ్లది' అని వదులుకున్న రోజు, ఇంకో రంగులో మనల్ని బంద్ చెయ్యడానికి మనమే తాళం అందించినట్టు. ఆ షాపులో పిల్లవాడు తెరిచిన ఫోల్డర్ అదే తాళం వేసిన గది.

ఇక్కడ ఒకరు అడుగుతారని తెలుసు. పిల్లలకి నౌకరీలు లేవు, ఇళ్లు లేవు, నువ్వు రంగులు పట్టుకుని కూర్చున్నావా అని. సవాల్ సబబే. రంగులు కడుపు నింపవు. కానీ డిజైన్ ఇవాళ ఇంట్లో కూర్చుని చెయ్యగల పని. బయటికి పంపడానికి సంకోచించే ఇళ్లల్లో కూడా ఆడపిల్లలు చేస్తున్న పని. ఆ పనిలో పచ్చ ఫోల్డర్ తెరిచేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి కార్డుకింత అని చిల్లర దొరుకుతుంది. తన ప్యాలెట్ తాను కట్టగలిగినవాళ్లకి మాత్రం పేరు దొరుకుతుంది, ధర చెప్పే హక్ దొరుకుతుంది. అమ్మీ, దాదీల నోట ఉన్న రంగుల పేర్లు ఆ పిల్లలకి అందకపోతే, అది మనం పోగొట్టుకున్న జాయిదాద్.

రుఖా వచ్చింది. మొదటి కార్డు అమ్మీ చేతిలో పెట్టాం. రెండు కళ్లకీ మోతియాబిందు ఆపరేషన్ అయిన మనిషి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఉర్దూ వైపు మొత్తం చదివింది, తారీఖు, వఖ్త్, షాదీఖానా పేరుతో సహా. భాయిజాన్ ఇంకా మనసులో మెలిపెడుతూనే ఉన్నాడు, "అమ్మీ, దీంట్లో హరా ఏదీ?" అన్నాడు. అమ్మీ అంచు మీద ఆకుని వేలితో తడిమింది. "యే క్యా హై? మెహందీ హరా కాదా? దుల్హన్ చేతికి పెట్టేది ఇదే కదరా" అంది. భాయిజాన్ ఇంకేం మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని నేను అనను. ఐదొందల కార్డులకి బయానా మాత్రం తనే ఇచ్చాడు.

దోస్తులారా, వచ్చే ఈద్‌కి ఒక పని చెయ్యండి. రెడీమేడ్ పచ్చ కార్డు ఫార్వర్డ్ చెయ్యకండి. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి గల్లీలోకి పంపండి. ఐదు వస్తువుల ఫోటోలు తీసుకురమ్మనండి. ప్రతి రంగుకీ ఉర్దూలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయించండి. కార్డు తయారయ్యాక ఒకసారి రంగు తీసేసి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకి చూపించండి. వాళ్లు చదివితే పంపండి.